చెవి లేని గడ్డి

ఈ ఏడు కాలేజీవాళ్ళు నా గెస్టు ఉద్యోగం పొడిగించలేదు.
వేళ్ళనుంచి సుద్దముక్క వాసన పోకముందే
భాద్రపదం ఎండలో, వంశధార గట్టు కింది మడిలో,
తవిటమ్మత్త ముఠాతో కలుపుకి దిగాను.

మొదటి గంటలోనే పట్టుబడ్డాను.
"ఒలే పంతులమ్మా, వరి పీకేసి ఊద ఒగ్గేస్తన్నావు,
కళ్ళు కాలేజీలో ఇచ్చీసొచ్చినావేటి?"
రెండు మొక్కలు నా ముక్కు ముందు పట్టింది.
అదే పచ్చ. అదే నిలువు. అదే వంపు.
"ఆకు మొదలు సూడు. వరికి సెవుంటాది.
దీనికి నేదు. అందుకే ఎంత తిట్టినా ఇనదు."

ముఠా అంతా నవ్వింది.
నవ్వు నీళ్ళమీద కాస్త దూరం పోయి
ఒక కొంగని లేపింది.

"మనల్ని సూసి నేర్సుకున్నాదే, దొంగమొహంది.
వరి ఏసం కట్టీసినాది."

నేర్చుకోలేదత్తా, అన్నాను.
దానికి మనమూ తెలీదు, వరీ తెలీదు.
నడుం ఎత్తకుండా నేను చెప్పిన పాఠం
జన్మలో అదొక్కటే:

మీ అమ్మమ్మకి అమ్మమ్మ, ఆవిడకి ముత్తవ్వ
ఇలాగే వంగి ఉన్నప్పుడు
ఊదలన్నీ ఒక్కలా లేవు.
కొన్నిటి మొదలు ఎరుపు. కొన్ని నేలబారు.
ఏవో రెండు మూడు మాత్రం, ఊరికే,
కొంచెం పచ్చ, కొంచెం నిటారు.
ఎర్రది కంట పడింది, పోయింది.
పాకేది కాలికి తగిలింది, పోయింది.
దొరకనిది గింజ రాల్చింది.
గింజ తల్లినే పోలింది, కాస్త తేడాతో.
మళ్ళీ ఏడు మళ్ళీ వేళ్ళు.
వెయ్యి భాద్రపదాలు, అంతే.
వేషం ఎవరూ కట్టలేదు.
వేషం కానిదంతా మనమే ఏరి
గట్టున పారేశాం.

తవిటమ్మత్త కాసేపు మాట్లాడలేదు.
చేతులు మాత్రం ఆగలేదు.
"అయితే దీన్ని మనమే పెంచినామన్నమాట.
కూలి తీసుకోని మరీ."

దూరదేశంలో ఒకాయన పావురాల గూళ్ళ ముందు కూచుని,
ఇంకొకాయన దీవుల్లో చలిజ్వరంతో వణుకుతూ
ఈ ముడే విప్పారని చదివాను.
ఏరే చెయ్యి లేకపోయినా ఏరివేత ఆగదని.
పది మార్కులకి రాశాను కూడా.
అప్పుడు నా కాళ్ళు పొడిగా ఉన్నాయి.

"సెయ్యి నేకుండా ఏరీది ఏటుంటాది?"
వెనక సాలులోంచి అసిరితల్లి అడిగింది.
నేను పుస్తకం మాట వెతుక్కునేలోపు
తవిటమ్మత్త గట్టు అవతలికి గడ్డం చూపించింది.
"అదిగో. ఏరు."

పొంగిన ఏడు తొమ్మిది రోజులు మడి మునిగే ఉందట.
తీసేసరికి అంతా కుళ్ళు,
ఈశాన్యం మూల గుప్పెడు దుబ్బులు తప్ప.
మొక్కుకున్నందుకా అంటే, పక్కమడివాళ్ళూ మొక్కారు.
నీళ్ళు వాటికి ఈత నేర్పలేదు,
ఊపిరి బిగబట్టడం వాటిలో ముందే ఉంది,
నీళ్ళొచ్చేదాకా ఎవరికీ పనికిరాకుండా.
ఆ గింజే విత్తనం కట్టారు.
మరుసటేడు వాన మొహం చాటేసింది.
అన్నిటికన్నా ముందు ఎండిపోయింది అదే.
"మంచిదో సెడ్డదో
ఏటికేటి తెలుస్తాది?"

చాలా వెనక్కి నడిస్తే
వరికీ ఊదకీ ఒక్కతే అవ్వ, అన్నాను.
అది మాత్రం ఆమె ఒప్పుకోలేదు.
"ఇది వరికి సుట్టమా?
కంచం కాడ సెప్పకే ఆ మాట."

పొద్దు వాలింది. గట్టుమీద ఊద కుప్పలు వాడాయి.
కాలవలో చేతులు కడుక్కుంటూ
నేను నడిచిన సాలు వెనక్కి చూశాను.
అంతా వరే.
అంతా వరిలాగే ఉంది.
ఎక్కడో ఒకటి నన్ను దాటే ఉంటుంది.
వచ్చే ఏడు దాని పిల్లలు,
ఎవరూ కొలత తియ్యకుండానే,
నా చూపు మందానికి సరిపడా
మొలుస్తాయి.